ఆయన వద్దన్న రేకులు

"ఆ గోడకు రేకులు మాత్రం కొట్టియ్యకు. ఇల్లు కోళ్ల షెడ్డు లెక్కైతది."

"కొట్టిస్త. ఏం జేస్తవో జెయ్యి, పో."

మా ఆయనా నేనూ ఈ లోకంలో ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. ఆయన నవ్వుకుంటూ ఆటో తీసుకుని జగిత్యాలకు పోయాడు. అక్కడ ఆటో స్టాండులో చాయ గ్లాసు చేతిలో ఉండగానే పక్కకు ఒరిగాడట. గుండె ఆగిపోయిందన్నారు. నేను 'పో' అన్నానని ఎవరూ తప్పు పట్టాల్సిన పని లేదు. మేము రోజూ అలాగే పంపుకునేవాళ్లం, అలాగే రమ్మనుకునేవాళ్లం.

ఆ రోజుల్లో మా కోరుట్లలో ఇల్లంటే ముందరి గోడ ఒక్కటే. దుబాయి పోయి వచ్చినవాళ్లు ఇంటి ముఖానికి రాయిలా కనిపించే టైల్స్ అతికించేవారు, మిగతా మూడు వైపులా ఇటుకలు పళ్లు ఇకిలించినట్టు అలాగే ఉండేవి. ముఖానికి పౌడరు, మెడకు మట్టి అన్నమాట. మా ఇంటికైతే పౌడరూ లేదు. పడమటి గోడ అవతల ఖాళీ జాగా, అడ్డం ఏమీ లేదు. వానకాలం జల్లంతా అటునుంచి ఏటవాలుగా వచ్చి ఆ గోడనే కొట్టేది. గోడ ఇవతల నేను బీడీలు చుట్టే అర్ర, అంటే గది. బయట వాన తగ్గినా లోపల గోడ చెమట పడుతూనే ఉండేది. తునికాకుకు బూజు పట్టేది, తంబాకు ముద్ద కట్టేది. కార్ఖానాలో నా చాట ముందు పెట్టగానే వాసన చూసి పక్కకు తోసేసేవారు. నేనేమో సిరిసిల్లలో పుట్టినదాన్ని. మా నాయన నడిపిన సాంచాలు (కరెంటు మగ్గాలను మా దగ్గర అలాగే అంటారు) ఉన్న షెడ్డుకు నాలుగు వైపులా రేకులే, ఎంత వాన పడ్డా నూలు పోగు తడిసిందిలేదు. అందుకే ఇల్లు కట్టినప్పటి నుంచి నేను రేకులు అనడం, ఆయన వద్దు అనడం. ఆయన వద్దనడం ఎలా ఉండేదంటే, మటన్ కూర ఇంకొంచెం వెయ్యనా అంటే వద్దు అనేవాడు, గంటె వెనక్కి తీస్తే కంచం ముందుకు జరిపేవాడు. ఇది నాకు తెలుసు, ఆయనకు తెలుసు. కొట్లాటంటే మా ఇద్దరికీ చాయ లాంటిది, పొద్దున ఒకసారి పడకపోతే తల నొచ్చేది.

(ఇదంతా రాస్తున్నది మా బావ బిడ్డ. బావంటే మా ఆయన అన్న. నేను 'అచ్చిండు' అంటే ఇది 'వచ్చాడు' అని రాస్తున్నది. పుస్తకంలో అలాగే ఉండాలట. ఉండనీ. కానీ వాళ్ల నాయన సంగతి వచ్చినప్పుడు మాత్రం నేను చెప్పింది చెప్పినట్టే రాయాలని ముందే ఒట్టు పెట్టించుకున్నాను.)

ఇక నేను చేసిన పిచ్చి పని. మా దగ్గర మనిషి పోతే ఆడవాళ్లం ఊరికే ఏడవము. రాగం తీసి, పోయిన మనిషి తిన్నదీ కట్టిందీ అన్నదీ అన్నీ వరుసగా చెప్పి ఏడుస్తాము. ఆయన్ను తెచ్చి వాకిట్లో పడుకోబెట్టినప్పుడు నాకు వేరే ఏమీ యాదికి రాలేదు. "రేకులు వద్దంటివి గదయ్యా... కోళ్ల షెడ్డయితదంటివి గదయ్యా... ఇగ నేనెవలతోని కొట్లాడుదునయ్యా..." అని గొంతెత్తాను. వాడ వాడంతా విన్నది. చివరి ముక్కే అసలు ముక్క, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మొదటి ముక్కను పట్టుకున్నారు. ఆయన ఆఖరి మాట రేకులు వద్దనటమేనట అని తెల్లారేసరికి జగిత్యాల దాకా పోయింది. బతికి ఉన్నన్నాళ్లు ఆయన మాట ఒక్కరూ వినలేదు, ఆటో సంఘంలో టీ చెప్పినా పక్కవాడికే ఇచ్చేవారు. పోయాక చూడండి, ఆయన నోటి మాట శాసనమైపోయింది. ఆ శాసనాన్ని చాటింపు వేసింది నేనే.

ఆ వానకాలం గోడ ఎన్నడూ లేనంత తడిసింది. నేను దుప్పటి, చాట, తునికాకు మూట పట్టుకుని ఆ మూల నుంచి ఈ మూలకు జరుగుతూ నాట్లేసేదానిలా గడిపాను. బావ వచ్చి చూశాడు. ఆ రోజుల్లో బావ ఎదుట నిలబడి మాట్లాడేదాన్ని కాదు, తలుపు వెనకనుంచి మాట్లాడేదాన్ని. (తలుపు మనిషిని దాస్తుంది గానీ గొంతును దాయదు.)

"ఒక్క వానకాలం చూసినం, చాలు. మల్ల వానల్ల నువ్వీడ ఉండుడు కుదరదు. సామాను సదురుకోని మా ఇంటికి రా. ఒక మూలకు పడుంటవు."

"మూలకు పడుండేదానికి మీ ఇంటి దాక ఎందుకు బావా? మూలలు ఈడ గుడ ఉన్నయి. గోడ ఆరితే నేనీడనే ఉంట."

"ఎట్ల ఆరుతది?"

"రేకులతోని."

"తమ్ముడు వద్దన్నడు కదమ్మా! నువ్వే ఏడ్చి చెప్తివి!"

మరి నేనేమనేది? అప్పటికి ముప్పై దాటిందో లేదో, నా ఇంట్లో నా చాట ముందు కూర్చుని నా బీడీలు నేను చుట్టుకుని బతకాలా, బావ ఇంట్లో మూలన ముడుచుకుని వాళ్ల కంచాలు కడగాలా అన్నది ఒక గోడ మీద ఆగి ఉంది. ఏడాది మాసికం, అదే సంవత్సరీకం, దాటితే మళ్లీ వానలే. ఆలోపు గోడకు ఏదో ఒకటి తొడగాలి. రేకులు తప్ప ఏదైనా తొడుగు అన్నారు. సరే, చూద్దాం అన్నాను.

మొదట బావే టైల్స్ పని చేసే తన దోస్తును పంపాడు. అతని పేరు అందరూ మరిచిపోయారు, ఎలివేషన్ అనే పిలిచేవారు, నోరు తెరిస్తే ఆ మాటే గనుక. పడమటి గోడ వైపు కన్నెత్తి చూడలేదు. ముందరికి వెళ్లి రెండు చేతులూ చాచి ఇంటిని ఫోటో తీసేవాడిలా చూశాడు.

"అక్కా, ఎలివేషనంటే ఇంటికి ముఖం. ముఖం మంచిగుంటే లోపల ఎట్లున్నదని ఎవ్వలు అడుగుతరు?"

"లోపల ఉన్నది నేను. నేనడుగుత. వాన ముందట్నుంచి రాదు తమ్మీ, దానికి మర్యాద తెల్వది. పక్కనుంచే వస్తది."

అతను వినలేదు. నమూనా చూపిస్తానని తలుపు పక్కన ఒక టైలు అతికించి పోయాడు. మరునాడు బావ వచ్చి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, ఎంత బాగుందో అని దాన్ని తట్టాడు. అది చక్కగా ఊడి ఆయన ఎడమకాలి చెప్పులో కూర్చుంది. కాలు లోపల లేదు కాబట్టి బావ బతికాడు, మాట కూడా మార్చలేదు. "గమ్ము ఆరలేదు" అన్నాడు. (ఇది రాయొద్దంటున్నది. రాయి బిడ్డా.)

తర్వాత జగిత్యాల నుంచి ప్యానెల్ సారు వచ్చాడు. ప్లాస్టిక్ పలకలు, చూడటానికి టేకు చెక్కే. వాన పట్టదు, చెద పట్టదు, మేడమ్ మీరేం టెన్షన్ తీసుకోవద్దు అన్నాడు. నన్ను మేడమ్ అన్న మొదటి మనిషి అతనే, సగం మనసు అప్పుడే పడిపోయింది. కానీ మిగిలిన సగం గట్టిది. అతను ఇచ్చిన ముక్కను తీసుకుపోయి మిద్దె మీద వడియాల పక్కన ఎండలో పెట్టాను. రోహిణి కార్తె ఎండ. సాయంత్రం వెళ్లేసరికి వడియాలు వడియాల్లా ఉన్నాయి, టేకు చెక్క అప్పడమైంది. అతను మళ్లీ వచ్చినప్పుడు చాయతో పాటు ప్లేటులో దాన్ని కూడా పెట్టి ఇచ్చాను.

"మేడమ్, ఇది లోపలికి. హాలుకు పెట్టుకునేది."

"మా హాలుకు వాన రాదు సారూ. చాయ తాగుండ్రి, సల్లారుతది."

ఇక నాకు మిగిలింది మా పుట్టింటి దారి. సిరిసిల్ల బస్సెక్కి షెడ్ల భాయ్‌ని పట్టుకున్నాను. మా నాయన పనిచేసిన షెడ్డుకు రేకులు బిగించింది ఆయనే. కోరుట్ల వచ్చి గోడ చూశాడు, చెయ్యి పెట్టి చూశాడు, ఇనుప పట్టీలు కొట్టి రేకులు బిగిస్తే గోడకూ రేకుకూ మధ్య గాలాడుతుంది, తడి నిలవదు అన్నాడు. రంగులు చూపించాడు, నేను నీలం అన్నాను. అంతా అయిపోయి టేపు తీస్తున్నంతలో పక్కింటామె గోడ మీంచి తొంగి చూసి, "భాయ్, ఆయన ఆఖరి మాట రేకులు వద్దన్నడు, ఎర్కేనా?" అంది. భాయ్ టేపు చుట్టేసి జేబులో వేసుకున్నాడు.

"ఏమనుకోకు అక్కా. సచ్చిపోయినాయన ఆఖరి మాటంటే మా దాంట్ల వసీయత్ లెక్క, వీలునామా అన్నట్టు. నా చెయ్యి లేవది. మీ ఇంటి పెద్దమనిషి సరేనంటే అప్పుడు కొడత."

నేను చాలా చెప్పి చూశాను. అది ఆఖరి మాట కాదు భాయ్, సగం కొట్లాట, మిగతా సగం ఆయన సాయంత్రం తిరిగొస్తే అయ్యేది అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. అయితే ఏడాది మాసికానికి భోజనానికైనా రా, టేపు జేబులోనే ఉండనీ అన్నాను. (అది తెలివితో అన్నదో మొండితనంతో అన్నదో ఇప్పటికీ నాకు తెలియదు.)

మాసికం నాడు పిట్టకు పెట్టాలి కదా. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి మిద్దె మీద ఉంచుతాము. పిట్ట వచ్చి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు. రాకపోతే పోయిన మనిషి మనసులో ఏదో కోరిక ఆగిందని అర్థం. దాన్ని కనిపెట్టి, తీరుస్తామని పైకి మాట ఇవ్వాలి. మటన్ కూర, అన్నం, కల్లు గ్లాసు పెట్టారు. నేను చుట్టిన బీడీ ఒకటి నేనే పెట్టాను. కాకి ఎదురుగా కరెంటు తీగ మీదే ఉంది. రాదు.

బావ చేతులు జోడించాడు. "తమ్మీ, నీ మాట దాటం. రేకులు కొట్టియ్యం, రా."

కాకి ముక్కును తీగకు తుడుచుకుంది.

"ముందటి గోడకు టైల్స్ పెట్టిస్త, రా!"

కాకి అటు తిరిగి కూర్చుంది. ఎలివేషన్ కూడా భోజనానికి వచ్చి ఉన్నాడు, అతనికి ఆగలేదు. "అన్నా, సుట్టూ గ్రానైట్ బార్డర్ గుడ పెడత. లైట్లు పెడత, మెరుస్తది!" కాకి లేచి పోయి పక్కింటి డిష్ మీద వాలింది.

మా అత్త అక్క, రాయికల్ పెద్దమ్మ, నీడకు కూర్చుని అంతా చూస్తున్నది. "గది కాకి కాదురా, గిరాకి. మీ సరుకు దానికి నచ్చుతలేదు" అంది.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. కింద పొయ్యి మీది గంజులోంచి మసాలా వాసన మెట్లెక్కి వస్తున్నది. మగవాళ్ల ముఖాలు వాడిపోయాయి. అందరూ నావైపు చూశారు, ఇప్పుడు ఏడుస్తుందేమో, ఏడిస్తే పిట్ట కరుగుతుందేమో అని. నాకు ఏడుపు రాలేదు. ఏడాదంతా ఆయన పేరు చెప్పి అందరూ నాతో మాట్లాడారు, ఆయన మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. ఆ కోపం వచ్చింది. తలుపు చాటు లేదు, బావ ఎదుటే ఉన్నాడు, అయినా నడుముకు కొంగు చుట్టి విస్తరి పక్కన నిలబడ్డాను.

"ఏమయ్యా! వద్దంటవు, మల్ల కంచం జరుపుతవు. నీ సంగతి నాకెర్కలేదా? కొట్టిస్త! రేకులే కొట్టిస్త, నీలం రంగుయి! ఏం జేస్తవో జెయ్యి, రా!"

డిష్ మీంచి కాకి దూకింది. నా చీర కుచ్చిళ్లకు మూరెడు దూరంలో వాలింది. కల్లు గ్లాసును తన్నింది, బీడీని అటూ ఇటూ పొర్లించి చూసింది, మటన్ ముక్కల్లో పెద్దది ఏరుకుని తింది, ఇంకొకటి నోట కరుచుకుని పోయింది. 

"అయిపాయె" అంది రాయికల్ పెద్దమ్మ మోకాళ్లు పట్టుకుని లేస్తూ. "ఆయనే ఒప్పుకున్నంక మనదేమున్నది? వడ్డియ్యుండ్రి."

బావ గొణిగాడు. "ఆకలైంది దానికి, అచ్చింది."

"మీరు పిలిచినప్పుడు దాని కడుపు నిండి ఉండెనా బావా?"

మెట్ల దగ్గర షెడ్ల భాయ్ టోపీ సర్దుకున్నాడు. "అక్కా, వసీయత్ మారింది" అని జేబులోంచి టేపు తీశాడు. బావ ఆ టేపును చూశాడు, నన్ను చూశాడు, కాకి ముట్టిన విస్తరిని చూశాడు. "తిన్నంక కొలువు భాయ్" అని కిందికి దిగిపోయాడు. మా బావ నోట సరే అన్న మాట అంతకంటే బాగా ఎన్నడూ రాలేదు.

మొదటి జల్లు పడేలోపు గోడకు నీలం రేకులెక్కాయి. గోడ ఆరింది. తునికాకు తునికాకు వాసనే వచ్చింది. సామాను సదురుకోమని మళ్లీ ఎవరూ అనలేదు. ఆ కాకి ఆయనో, ఆకలిగొన్న వట్టి కాకో నాకు తెలియదు, నేను అడగలేదు కూడా. నా పక్షాన వచ్చింది, అది చాలు. మొన్నటికి మొన్న ఒకాయన మోపెడ్ ఆపి, "అమ్మా, కోళ్లెప్పుడు దింపుతరు?" అని అడిగాడు. "కోళ్లు లేవు నాయనా, పెట్ట ఒక్కటే ఉన్నది, అది అమ్మేది కాదు" అన్నాను. మా బావ కూడా పోయిన ఏడు తన ఇంటి పడమటి గోడకు ఆకుపచ్చ రేకులు కొట్టించాడు. (రాయి బిడ్డా, దాచితే దాగుతుందా? బస్సులో పోయేవాళ్లకు కూడా కనిపిస్తున్నది.)

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను, ఆయన బతికి ఉంటే చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు. మా ఇల్లు అచ్చం కోళ్ల షెడ్డులాగే ఉంది. వాన కొట్టిందంటే నేనొక మాట అనేలోపు రేకులు పది అంటాయి. మోకాళ్లు మొరాయించే ఈ వయసులో ఆ అర్రలోనే కూర్చుని, నేనూ ఊరుకోకుండా నాలుగు అంటాను. నడుముకు కొంగు చుట్టి కాకిని దబాయించిన ఆ పిల్ల యాదికి వస్తే నాకే నవ్వొస్తుంది. ఎంత ధైర్యమే నీకు అనిపిస్తుంది.

ఇక చాలు. పెన్ను పక్కన పెట్టి ఒకసారి మొదటినుంచి చదువు బిడ్డా. మొదటి మాట ఆయనది, అక్కడ గొంతు కొంచెం పెంచు. పడమటి నుంచి జల్లు మొదలైంది, ఈ రేకులు నన్ను విననిస్తలేవు.