తుడవని చుక్క

1950ల చివర్లో నాకు ఇరవై రెండేళ్లు. బళ్లారి బజారులో మాకు బట్టల అంగడి. ఆదివారం మాత్రం అంగడి అన్నకు వదిలి, సత్యనారాయణపేటలోని డ్రాయింగు మాస్టారి ఇంటికి పరుగెత్తేవాణ్ణి. అయిదారుగురం చేరి నీటిరంగుల బొమ్మలు వేసి ఒకరికొకరు చూపించుకునేవాళ్లం. ఆ వారం కొత్త ప్రయోగం. తడి కాగితం మీద సండూరు ఎర్రమట్టి నీళ్లతో వేయాలి. పడిన రంగు తుడవకూడదు.

మాకు వారం వారం కాఫీ ఇచ్చే మాస్టారి అక్క సావిత్రమ్మ ముఖం వేశాను. పదహారో ఏట భర్త పోయినప్పటి నుంచి ఆమె బొట్టు పెట్టుకోలేదు. కుంచె పైకెత్తేలోగా ఎర్రటి చుక్క ఒకటి సరిగ్గా బొమ్మ నుదుటి మధ్య రాలింది. అప్పుడే ఆమె గ్లాసులతో వచ్చి నా వెనక నిలబడింది.

"ఏం పని చేస్తివప్పా!" అన్నారు మాస్టారు. సిగ్గుతో చచ్చిపోయి గుడ్డ అందుకున్నాను.

ఆమె నా చేయి ఆపింది. "బ్యాడప్పా, తుడవాకు. పడిన రంగు తుడవగూడదంటిరి గదా!" చానాసేపు చూసి, మెల్లగా అడిగింది. "ఆరినాంక నాకిస్తావా?"

తర్వాత ఎన్నో ముఖాలు వేశాను. చేయి జారి పడిన ఆ చుక్కంత సరైన చోట మళ్లీ ఏ రంగూ పెట్టలేకపోయాను.