మా వైపు పెట్టెలో తలల లెక్క

ఆ రోజుల్లో లోకంలో దేన్నయినా లెక్కపెట్టి తేల్చేయవచ్చని ఆఫీసులవాళ్లకు గట్టి నమ్మకం. బిలాస్‌పూర్‌లో మేమంతా విజయనగరం వైపు నుంచి వచ్చిన రైలు కుటుంబాలం. సాయంత్రం బండికి మా వైపు నేరుగా వెళ్లే పెట్టె ఒకటి తగిలించేవారు. అది లేకపోతే రాయపూర్‌లో మూటలు మోసుకుంటూ బండి మారాలి. ఆ పెట్టెలో జనం ఎక్కడం లేదని, తీసేస్తామని పైనుంచి మాట వచ్చింది. ఎక్కడం లేదట! మేం రైల్వే ఇచ్చే ఉచిత పాసుల మీద తిరిగేవాళ్లం, టికెట్ల అమ్మకంలో కనపడం. కనపడనివాళ్లు లేనివాళ్లేనా? (ఇప్పటికీ అడుగుతున్నాను. జవాబు రాలేదు.)

చివరికి ఒక సాయంత్రం తలలు లెక్కపెట్టి తేల్చమన్నారు. ఆ పని కొత్తగా డ్యూటీలో చేరిన నా మీద పడింది. బడి ముఖం చూడకుండా, స్టేషన్ బోర్డులు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. కోటు గుండీలు తెగేలా ఛాతీ పొంగింది. ఖర్మ కొద్దీ ఆ సాయంత్రం నిజంగా ఊరికి వెళ్లేది మా మామ్మ ఒక్కతే. అయితే మావాళ్లలో ఒకరు ఊరెళ్తే వీధంతా సాగనంపాలి. అదీ ప్లాట్‌ఫారం మీద నిలబడి కాదు. పెట్టెలో ఎక్కి కూర్చుని, మూటలు సర్ది, ఏడవవలసినంత ఏడ్చి, కూత వేశాక దిగాలి. పెట్టె కిటకిటలాడిపోయింది. గర్వంగా లెక్క చెప్పాను.

తనిఖీకి వచ్చిన బాబు నవ్వలేదు. “అచ్ఛా. బండి కదిలాక ఎవరు కూర్చుని ఉంటారో వాళ్లే లెక్క,” అన్నాడు.

కిటికీలోంచి మామ్మ, “ఏటిరా అంటన్నాడు ఆ బాబు?” అంది. చెప్పాను.

“అయితే ఈ పెట్టి తీసెత్తారేటి? కళ్లు సరిగా అవుపడవు, నానెలాగరా బండి మారీది?”

లోకో షెడ్డులో పనిచేసే పక్క క్వార్టరు మావ గొంతు లేచింది. “ఎవులూ దిగొద్దు!”

“పొయ్యి మీద అన్నం పెట్టీసొచ్చాను మావా!” అని ఎదురింటి అత్త గోల.

“మాడితే మాడనీ. కూకో!”

కూత వేసింది. ఎవరూ దిగలేదు. బండి కదిలింది.

“వీధి మొత్తం ఊరెళ్తోందా?” అన్నాడు బాబు.

“వెళ్తున్నారు సార్,” అన్నాను. ఎంత దూరమో ఆయన అడగలేదు.

తరువాతి స్టేషన్‌లో దిగి, పట్టాల వెంట నడిచి, మావను తిట్టుకుంటూ అందరూ తిరిగొచ్చారు. వీధంతా మాడిన అన్నం వాసన. పెట్టె మాత్రం నిలిచింది.

ఈమధ్య నేనూ ఆ వైపు ప్రయాణం చేశాను. కాలు పెట్టే చోటు లేదు, ఎక్కినవాళ్లందరూ వెళ్లేవాళ్లే. ఆ బాబుకు ఎంతో నచ్చే లెక్క. కూత వేయగానే, దిగేవాళ్లకు దారి కోసం కాళ్లు పక్కకు ముడుచుకున్నాను. ఎవరూ దిగలేదు. నాలో నేనే నవ్వుకుని, కాళ్లు మళ్లీ ఉన్నచోటే పెట్టుకున్నాను.