బయటికి రాని మట్టయ్య

అల్మాస్‌గూడలో గది కిరాయికి తీసుకుని ఉండే పెంటమ్మ పని ఏమిటంటే, కొత్తగా పోసిన స్లాబులనూ పిల్లర్లనూ నీళ్ళతో తడపడం. ఎల్బీనగర్ అవతల లేస్తున్న తొమ్మిదంతస్తుల బిల్డింగులో ఆమెను చూసినవాళ్ళకు ఒకటే వింత. మూడో అంతస్తు మూల పిల్లరులో సిమెంటు ఎప్పుడో గట్టిపడింది. అయినా దాన్ని తడుపుతూనే ఉంటుంది. ఎందుకని అడిగితే చెప్పదు. చెప్పకపోతే మాత్రం తెలియకుండా పోతుందా? అందులో తన మొగుడు మట్టయ్య ఉన్నాడని ఆమె నమ్మకం.

నమ్మడానికి కారణం లేకపోలేదు. ఆ కంపెనీ కొత్తగా బ్లాక్‌చెయిన్ అనేదాన్ని తెచ్చింది. పేరు చూసి బెదరనక్కర్లేదు. సిమెంటు ఎప్పుడొచ్చింది, ఏ అంతస్తు ఎవరు పోశారు, అన్నీ ఫోనులో ఎక్కుతాయి. ఒక రాతకు ఇంకో రాత గొలుసులా ముడిపడి ఉంటుంది. కంపెనీ దగ్గరా, బ్యాంకు దగ్గరా, అందరి దగ్గరా అదే నకలు. ఒకసారి ఎక్కిందాన్ని చెరపడం ఎవరి తరమూ కాదు. కూలీలు కూడా హెల్మెట్‌కున్న బిళ్ళను గేటు దగ్గరి ఫోనుకు చూపించే లోపలికి పోవాలి, అలాగే బయటికి రావాలి.

ఆ మూల పిల్లరుతో సహా మూడో అంతస్తు పోసిన రోజు, అక్కడే కూలీగా ఉన్న మట్టయ్య లోపలికి పోయినట్టు ఎక్కింది. బయటికి వచ్చినట్టు ఎక్కలేదు. మనిషి ఇంటికీ రాలేదు. పోలీసులు బిల్డింగంతా గాలించారు, ఏమీ దొరకలేదు. పెంటమ్మ వెళ్ళి అక్కడే తడిపే పనికి కుదిరింది. అందరూ అన్నానికి కూర్చున్న వేళ పిల్లరుకు చెవి ఆనించి "ఏమయ్యా, తిన్నవా?" అనేది. లోపలి నుంచి టక్కు టక్కుమని వినబడేదట, అచ్చం మట్టయ్య సుత్తిదెబ్బలాగే.

బిల్డింగు పూర్తయింది. కొన్నవాళ్ళకు తాళాలిచ్చే వేళకు ఫోను అడ్డం పడింది. లోపల ఇంకా ఒక కూలీ ఉన్నాడట, అప్పగింత కుదరదట. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఇంజనీరు అమల పెంటమ్మను పిలిపించింది. మట్టయ్య ముఠా మేస్త్రి మహేందర్‌నూ పిలిపించింది. అతనిదీ పెంటమ్మ ఊరే, నల్లగొండ దిక్కు.

"మహేందర్ గారూ, ఆ రోజు ఆయన్ని మీరు కళ్ళారా చూశారా?"

మహేందర్ తలెత్తలేదు. "లేదు మేడం. అన్న ఆ దినం పనికే రాలే."

"ఏందిరా?" అంది పెంటమ్మ.

"వదినె, లారీల కాంక్రీటు తయారుగుంది. ముఠాల ఒక్కరు తక్కువున్నా ఫోను పని మొదలుపెట్టనియ్యదు. అన్న హెల్మెట్ షెడ్డుల మేకుకుండె. ఎన్కట పేర్లు పిలిస్తే రానోని బదులు మనమే 'ఆ' అంటుంటిమి గదా? గట్లనే చూపెట్టిన. పొద్దుమీకి మళ్ళ చూపెట్టుడు యాది మరిచిన. పోలీసులొచ్చినంక భయమైంది."

మహేందర్ చెంప పగిలిందే అనుకుంది అమల. పెంటమ్మ మాత్రం గొంతైనా పెంచలేదు.

"మరి గా పిల్లరుల కొట్టేటోడు ఎవడురా?"

పెంటమ్మే మళ్ళీ అంది.

"బిడ్డకు కొడుకు పుట్టిన సంగతి గాడనే చెప్పితి. ఎవరు విన్నరు నా మాట?"

అమల మెల్లగా అందుకుంది. "పాతది చెరపలేమమ్మా. దాని కింద 'ఆ రోజు రాలేదు' అని కొత్తగా ఎక్కించాలి. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి. మీరు ఫోను వైపు చూస్తే చాలండీ, అది మీ మొహం గుర్తుపట్టి ఒప్పుకున్నట్టు ఎక్కించుకుంటుంది."

"చూస్తే?"

"ఆయన ఇక్కడ లేనట్టు."

"ఏడున్నట్టు?"

అమల ఫోనును ఆమె ముందుకు జరిపింది.

"వదినె, లోపలున్నడని బయట ఎవ్వరు ఎతుకలే. జర చూడు," అన్నాడు మహేందర్.

"గీ ముక్క చెప్పనీకె గిన్ని దినాలా, నీ నోరు పడిపోను!"

పెంటమ్మ ఫోను ముందు కూర్చుని కళ్ళు మూసుకుంది. ఫోను ఒప్పుకోలేదు. కాసేపటికి కళ్ళు తెరిచి, రెప్ప వేయకుండా చూసింది. లోపల ఎవరూ లేరని ఫోనులో పడింది.

ఎల్బీనగర్ చౌరస్తాకు వచ్చి నిలబడింది. దిల్‌సుఖ్‌నగర్ పోయే బస్సులు ఒక దిక్కు, హయత్‌నగర్ మీదుగా నల్లగొండ పోయేవి ఇంకో దిక్కు. ఇన్నాళ్ళూ మొగుడెక్కడున్నాడో ఆమెకు తెలుసు. ఇప్పుడు దిగిన ప్రతి మగవాడి మొహంలోకీ చూస్తోంది.

"ఏడికమ్మా? ఎక్కుతవా, ఎక్కవా?" కండక్టర్ అరిచాడు.

పెంటమ్మ మెట్టు మీద ఒక కాలు పెట్టింది. లోపల కూర్చున్నవాళ్ళందరినీ ఒకసారి కలియజూసి, కాలు మళ్ళీ కిందికి దించింది. వెనక ఇంకో బస్సు వచ్చి ఆగింది. దాని వైపు నడిచింది.