కూల్చే ముందు ఒక కేక

యుద్ధంలో ఇల్లు పోగొట్టుకుని ఈ దేశానికొచ్చిన మా బాబాయికి పాత ఇళ్లు కూల్చే పని దొరికింది. ఏ మహానుభావుడు ఏరికోరి ఇచ్చాడో! సుత్తి ఎత్తే ముందు ప్రతి గుమ్మంలోనూ ఆగి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని కేకేసి, చెవి ఒగ్గి వినేవాడు.

"ఖాళీ కొంప, పెద్దాయనా! దయ్యాలు పలుకుతాయా?" అని మేస్త్రి నవ్వేవాడు. బాబాయి నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. మా ఇంటి మీద బాంబు వేసినవాళ్లు ఒక్క కేకైనా వెయ్యలేదు. లోపల నానమ్మ పడుకుని ఉంది.

నిన్న పని నుంచి వచ్చి చేతులు కడుక్కున్నాడు. పిన్ని తువ్వాలు అందించింది. తుడుచుకుంటూ, ఎవరి సంగతో చెబుతున్నట్టు అన్నాడు:

"ఇవాళ ఇల్లు మొత్తం కూల్చేశాక గుర్తొచ్చిందే, నేను కేకే వెయ్యలేదని. ఇక మనం ఇక్కడివాళ్లమైపోయినట్టే."