ఎండదెబ్బ కాదు

మా చిన్నమ్మ పోయిందని మణుగూరు నుంచి ఫోన్ వచ్చింది. ఎండదెబ్బ అన్నారు. వాళ్ల గని కాలనీ మూల మీద కట్టిన ఫ్లెక్సీలోనూ అదే మాట. రాయించింది ఆమె బావగారు, నాకు వరసకు పెద్దనాయిన. ఆ మాట అబద్ధం.

చిన్నమ్మకు హెచ్‌ఐవీ ఉంది. గనిలో పనిచేసిన చిన్నాయన పోయాకే ఆమెకు ఆ సంగతి తెలిసింది. తర్వాత ఫంగస్ మెదడు పొరల్లోకి చేరింది. తల పగిలే నొప్పి, ఒక మనిషి ఇద్దరుగా కనిపించే చూపు. ఖమ్మంలో డాక్టర్లు నడుము దగ్గర సూది గుచ్చి వెన్నులోని నీళ్లు తీశారు. జబ్బు తేలింది, తలలో ఒత్తిడీ తగ్గింది. "నెత్తి మీది బండ దించినట్టున్నది బిడ్డా" అని అదే మంచం మీద టీ అడిగింది.

ఇంటికొచ్చాక రోజూ మాత్రను అరచేతిలో పెట్టుకుని దానితో మాట్లాడేది. "నెత్తిల బూజు పట్టిందే. దులపకుంటే మళ్ల అల్లుకుంటది. పో, పని చెయ్." నాతో మాత్రం నవ్వకుండా అంది: "దాచి దాచి మీ చిన్నాయన నన్ను ముంచిండు. నేను పోతే రోగం పేరు గట్టిగ చెప్పు."

"తగ్గినంక గోళీలెందుకు? నలుగురు చూస్తే ఏమనుకుంటరు?" అని పెద్దనాయిన ఆ డబ్బా తీసేశాడు. మళ్లీ తెచ్చుకోవడానికి ఆమెను ఖమ్మం పోనివ్వలేదు. నొప్పి తిరగబెట్టింది. పట్టుబట్టి నేను ఆమెను మళ్లీ ఖమ్మం ఆసుపత్రికి తీసుకుపోతే, పెద్దనాయినా వెంట వచ్చాడు.

రక్తపరీక్షలో పాత జబ్బు జాడ కూడా కనిపిస్తుందని, ఫంగస్ ఇంకా బతికుందో లేదో వెన్ను నీళ్లే చెప్పాలని ఈసారి డాక్టరు వివరించాడు.

"సూది వద్దు సారూ. నడుముల గుచ్చితే కాళ్లు పడిపోతయ్." పెద్దనాయిన అడ్డం పడ్డాడు.

గనిలో పైకప్పు కూలి నడుము విరిగినవాళ్లు ఆ కాలనీలో ప్రతి వరసలో ఉన్నారు. ఆ భయం నాకు తెలుసు.

"పోయినసారి నడుచుకుంటనే ఇంటికొచ్చింది కద పెద్దనాయినా!"

"గుచ్చమను బిడ్డా..." చిన్నమ్మ గొణిగింది.

"దానికి సోయి లేదు" అన్నాడాయన. నేను డాక్టరుతో మాట్లాడుతుండగానే కారెక్కించి తీసుకుపోయాడు.

ఆయనది భయమా, పరువా? ఇప్పటికీ తేల్చుకోలేను. భయమే అనుకున్నప్పుడు కోపం కాస్త దిగుతుంది. ఆ డబ్బా గుర్తొస్తే మళ్లీ లేస్తుంది. క్షమించాలని లేదు.

దశదిన కర్మ నాడు ఆయనే బంతిలో అన్నం వడ్డిస్తున్నాడు. "ఎండకు తట్టుకోలేకపోయింది పాపం" అని ఒక్కొక్కరికీ చెబుతూ వచ్చాడు.

నేను లేచి నిలబడ్డాను. "ఎండ కాదు. హెచ్‌ఐవీ ఉన్నోళ్లకొచ్చే ఫంగస్ జబ్బు. మందున్న జబ్బు. గోళీలు తీసేసింది నువ్వు. సూది వద్దన్నది నువ్వు."

"గిదేంది బిడ్డా, నలుగుర్ల..."

"నలుగుర్లనే చెప్తున్న."

ఇది ఆమె కోసమా, నా కసి కోసమా? ఏమో. ఆమె అడిగిన మాటైతే చెప్పాను.

పక్క క్వార్టర్ ఆవిడ, నీ చేతి ముద్ద వద్దన్నట్టు ఆయన వైపు చూస్తూ, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె పక్కనున్నావిడా పెట్టింది. అన్నం బేసిన్ పట్టుకుని ఆయన వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఆవిరి ముఖానికి కొడుతూనే ఉంది.