కణుపుతో నడిచే టచ్‌ప్యాడ్

మాదాపూర్ ఆఫీసులో నా పక్క సీటు ఐదు నెలలు ఖాళీగా ఉంది. అందులో కూర్చునే అమ్మాయి స్కూటీ మీద నుంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ వేళ్లు బిగుసుకుపోయాయి. చూపుడువేలు సగానికి మడిచినట్టే ఉండిపోయింది. శేరిలింగంపల్లిలో పుట్టి పెరిగిన పిల్ల, నన్ను అక్కా అంటుంది. తిరిగొచ్చిన రోజు పలకరిస్తే, "ఏం ఫికర్ లేదక్కా, ఎడమచేత్తో టైప్ కొడ్తున్న" అంది.

ఎడమచెయ్యి టైపింగుకు పోతే, స్క్రీన్ మీద బాణాన్ని కదపడానికి ఆ మడిచిన వేలి కణుపే దిక్కు. తను లేని రోజుల్లో మా ల్యాప్‌టాప్‌లన్నిటికీ విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించారు. టచ్‌ప్యాడ్ తయారుచేసిన కంపెనీ, దాన్ని నడిపే ప్రోగ్రామ్‌ను, అంటే డ్రైవర్‌ను, లైనక్స్‌కు ఇవ్వలేదు. మా వేళ్లకు బాణం ఎలాగో కదిలేది గానీ, కణుపు పెడితే గంతులేసేది. బయటి నుంచి వేరే పరికరం ఏదైనా తగిలిద్దామంటే భద్రత పేరుతో యూఎస్‌బీ పోర్టులన్నీ మూసేశారు.

మేనేజర్ రెండు వారాలు చూద్దామన్నాడు. కుదరకపోతే డాక్యుమెంట్లు రాసే టీమ్‌కు పంపుతానన్నాడు. చెడ్డవాడేం కాదు. కానీ కోడ్ రాసే మనిషిని అక్కడికి పంపడమంటే వంట చేసేవాళ్లను వడ్డనకు నిలబెట్టడమే. నాకు ఒళ్లు మండి, డ్రైవర్ నేను రాస్తానని నోరు జారాను. మేనేజర్ కాళ్లరిగేలా తిరిగి అందుకు అనుమతి తెచ్చాడు.

టచ్‌ప్యాడ్ కంపెనీకి మెయిల్ పెడితే, వివరాలు రహస్యమని మర్యాదగా జవాబిచ్చారు. ఇక చాటుగా వినడమే మిగిలింది. లైనక్స్ లోపల విండోస్‌ను నడిపి, వాళ్ల డ్రైవర్ ప్యాడ్‌కు ఏ అంకెలు పంపుతోందో, ప్యాడ్ ఏం బదులిస్తోందో రికార్డు చేశాను. మొదట కొన్ని అంకెలు వరసగా పంపితే తప్ప ప్యాడ్ నోరు విప్పదు. అవి పట్టుకోవడానికే వారం పట్టింది. ఆ తర్వాత మూలమూలకూ వేలు పెట్టి, నొక్కి, తేలిగ్గా తాకి, మారిన ప్రతి అంకెకూ నోట్‌బుక్కులో అర్థం రాసుకున్నాను. ఇది చోటు, ఇది ఒత్తిడి, ఇది వెడల్పు. నల్లగండ్లలో మా డైనింగ్ టేబుల్ మీద కంచం పెట్టే చోటు లేదని మా ఆయన సణిగాడు.

గడువుకు ఒకరోజు ముందు బాణం నా వేలి కింద వెన్నలా జారింది. గర్వంగా తీసుకెళ్లి ఆ అమ్మాయి ముందు పెట్టాను. ఆమె కణుపు ఆనించింది. బాణం కదల్లేదు. ఇంకోసారి ఆనించింది.

"అక్కా, ఇది నా చెయ్యిని లెక్కలోకే తీస్కుంటలేదు."

అప్పుడు వెలిగింది. టైప్ చేసేటప్పుడు అరచెయ్యి తగిలినా బాణం కదలకూడదని, వెడల్పుగా తాకేదాన్ని వదిలేయమని రాశాను. ఏ డ్రైవర్‌లోనైనా చేసే పనే. ఆమె కణుపూ వెడల్పే. పరీక్షలన్నీ నా వేలితోనే చేసుకున్నాను.

"ఒక్కసారన్న నన్ను పిలువకపోతివి?" అంది.

"నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని."

"చెయ్యి నాది. ఇబ్బంది నీకైతుందా?"

నిజానికి నాకే. ఆ చెయ్యి చూడలేక రెండు వారాలు తప్పించుకు తిరిగాను. సిగ్గేసింది.

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. కణుపు ఆనించినప్పుడల్లా వచ్చిన అంకెలు నేను చదివితే, తను ఎడమచేత్తో కోడ్ మార్చింది. బిగుసుకున్న మిగతా వేళ్ల కొనలు కూడా ప్యాడ్‌కు రాసుకుంటున్నాయి. అందుకని సన్నగా తాకేదాన్ని వదిలేసి, వెడల్పైనదాన్నే తీసుకోమని నేను రాసిందంతా తిరగేసింది. సాయంత్రానికి బాణం ఆమె చెప్పినట్టు విన్నది. మేనేజర్ కాసేపు నిలబడి చూసి, రేపటి నుంచి పాత పనే చేసుకోమని చెప్పి వెళ్లాడు.

సంబరంలో ఆమె ల్యాప్‌టాప్ మీద ఫైల్ తెరవబోయి నా చూపుడువేలు పెట్టాను. బాణం కదల్లేదు.

"గట్ల కాదక్కా," అంది. "జర వేలు మడువు."

మడిచాను.