టైలరమ్మ చెంప చెమట

మా వీధి టైలరమ్మ నోట్లో ఎప్పుడూ గుండుసూదులే. వాటిని పెదాల మధ్య కరిచిపట్టుకునే కొలతలు తీసేది, బేరమాడేది, మొగుణ్ణి తిట్టేది. ఒక్క సూదీ జారేది కాదు.

ఆమె ఎడమ చెవి ముందు గోలీకాయంత గడ్డ లేచింది. నొప్పి లేదు కదా అని చాన్నాళ్లు ఊరుకుంది. చివరికి కోటు కుట్టించుకోవడానికొచ్చిన ముసలాయన ఒకడు, "బుగ్గలో ఏదో దాచుకున్నావు, నమిలెయ్యరాదూ!" అనేసరికి పౌరుషం వచ్చి ఆస్పత్రికి వెళ్లింది.

"ఉమ్మి ఊరించే గ్రంథుల్లో ఇదే అన్నిటికన్నా పెద్దది" అంది డాక్టరమ్మ, ఆమె చెవి ముందు నుంచి దవడ మూల దాకా వేలితో గీస్తూ. "దీంట్లో లేచిన గడ్డ క్యాన్సరు కాదు, కానీ తీసెయ్యాలి. చిక్కేమిటంటే, ముఖాన్ని కదిలించే నరం ఈ గ్రంథి మధ్యలోంచే వెళ్తుంది. లోపలే అయిదు కొమ్మలవుతుంది."

"మొగుణ్ణి ఉరిమి చూసే కొమ్మ ఏదండీ?"

"దానికి పై రెండూ కావాలి."

"అయితే అవి భద్రం. మిగతావి మీ దయ."

డాక్టరమ్మ అయిదూ కాపాడింది. కట్టు విప్పగానే టైలరమ్మ కనుబొమ్మ ఎగరేసింది. మొగుడు అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు.

కొన్ని నెలలకు ఆడపడుచు ఇంట్లో భోంచేస్తుంటే ఆమె ఎడమ చెంప ఎర్రబడి, చెమట ధార కట్టింది. కుడి చెంప మాత్రం పొడిగానే ఉంది.

"వదినా, కారం ఎక్కువేశానా?" అని ఆడపడుచు హడలిపోయింది.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి పరుగు. "ముఖం కదిలించే కొమ్మలు కావివి. ఆపరేషన్లో తెగిన, ఉమ్మి ఊరించే సన్న నరాలు తిరిగి పెరుగుతూ దారి తప్పాయి. చర్మంలోని చెమట గ్రంథులకి అతుక్కున్నాయి. ఇక నోరూరితే చెంప చెమరుస్తుంది. ఇంజెక్షన్‌తో ఆపొచ్చు."

పొద్దస్తమానం సూదులు కరిచే మనిషికి ఇంజెక్షనంటే చచ్చేంత భయం. "కారనివ్వండి, పోయేదేముంది!" అని వచ్చేసింది.

పోయింది మొగుడి పరువు. డ్రైవరు పని మానేశాక ఇంట్లో వంట ఆయనదే.

"కూర ఎలా ఉందే?"

"బావుంది."

ఆయన వంగి ఆమె చెంప తడిమాడు. "అబద్ధం! పొడిగా ఉంది."

"ఉప్పు మరిచిపోయి నా చెంపనడుగుతావేమయ్యా?"

ఆయనకు పంతం పట్టుకుంది. పక్కింటావిడ దగ్గర పోపు వెయ్యడం నేర్చుకున్నాడు, రెండు గిన్నెలు మాడ్చాడు. ఒక మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని దుకాణానికొచ్చాడు. మూత తీయగానే, ముద్ద నోట పెట్టకముందే, ఆమె చెంప మీద బొట్లు నిలిచాయి.

"కారింది! కారింది!" అని ఆయన గెంతాడు.

ప్యాంటు కోసం వచ్చినాయన పైకప్పు కారుతోందనుకుని, తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని వీధిలోకి ఉరికాడు. టైలరమ్మ ఇద్దర్నీ పట్టించుకోకుండా రెండో గిన్నె మూత తీసింది.